సరిహద్దు విద్యార్థులకు తెలుగు వ్యాసరచన

'నీరు మానవునికి ప్రాణాధారము. నీరు లేనిదే జీవకోటికి మనుగడ లేదు.' కోలారు జిల్లాలోనైనా, హోసూరు పరిసరాలలోనైనా, ఒడిశాలోని పర్లాకిమిడిలోనైనా నీటిని గురించి తెలుగులో వ్యాసం వ్రాయమంటే చాలామంది విద్యార్థులు ఇటువంటి వాక్యాలతోనే ఆరంభిస్తారు. వాక్యాలలో దోషం లేదు. అయితే అవి గైడు పుస్తకం నుండి వచ్చినవి. మూడవ వాక్యం దగ్గర జ్ఞాపకం ఆగిపోతుంది, దానితో కలమూ ఆగిపోతుంది. అదే విద్యార్థి ఇంటికి వెళ్లిన తరువాత బోరులో నీళ్లు ఎందుకు రాలేదో తల్లికి తడుముకోకుండా చెప్పగలడు. ఆ చెప్పగలిగిన విషయాన్ని కాగితం మీదకు తేవడమే వ్యాసరచన.

పేరు దగ్గరే చిన్న తికమక ఉంది. బడిలో కన్నడం చదివే పిల్లలకు వ్యాసమంటే 'ప్రబంధ', మరాఠీలో 'నిబంధ', తమిళంలో 'కట్టురై'. తెలుగులో ప్రబంధమంటే మనుచరిత్ర వంటి పద్యకావ్యం. తెలుగు వచనంలో వ్యాసం వేళ్లూనుకున్నది పంతొమ్మిదవ శతాబ్దంలో. సామినేని ముద్దునరసింహం గ్రంథం 'హితసూచని' 1862లో వెలువడింది. అందులోని వ్యాసాలను ఆయన 'ప్రమేయాలు' అన్నారు. కందుకూరి వీరేశలింగం కాలంలో వీటికి 'ఉపన్యాసం' అనే పేరు కూడా ఉండేది.

విద్యార్థి ఏ భాషలో వ్యాసం వ్రాయాలనే ప్రశ్న మీద పెద్ద వివాదమే నడిచింది. అందులో ముందు నిలిచిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) సరిహద్దు ప్రాంతపు ఉపాధ్యాయుడే. ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, అక్కడి సవరల భాష నేర్చుకొని దానిలో పాఠ్యపుస్తకాలు తయారు చేశారు. 1910ల దశకంలో మదరాసు రాజధానిలో పరీక్షల వ్యాసాలను కావ్యభాషలోనే వ్రాయించాలా, శిష్టుల వాడుకభాషను అనుమతించాలా అని పండితులు తీవ్రంగా వాదించుకున్నారు. పుట్టి పెరిగిన ఇంటిలో వినని భాషలో పిల్లవాడు తన ఆలోచనను ఎట్లా చెప్పగలడన్నదే వాడుకభాషావాదుల వాదనకు మూలం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు చేరింది. ఆ ప్రశ్న మాత్రం ఇటూ అటూ ఉన్న తెలుగు ఇళ్లన్నిటిలో మిగిలే ఉంది.

తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పదవ తరగతి వరకు తప్పనిసరి చేసింది. తెలుగు చదువుకొనే పిల్లల మీద దీని ప్రభావం ఎక్కువగా పడింది. బడిలో తెలుగు తగ్గినచోట వ్యాసరచన భారం ఇంటి మీద పడుతుంది. తల్లిదండ్రులు దీనికి భయపడనక్కరలేదు. మొదటి మెట్టుకు అక్షరమే అవసరం లేదు.

ఆ మెట్టు నోటితో చెప్పించడం. సాయంత్రం అన్నం తినేటప్పుడో, అరుగు మీద కూర్చున్నప్పుడో ఒక విషయం ఎత్తుకొని, 'ఎప్పుడు? ఎవరు? తరువాత ఏమైంది? ఎందుకట్లా?' అని పెద్దవారు అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబులే వ్యాసానికి ముడిసరుకు. కోలారు జిల్లా విద్యార్థికి 'మా ఊరి చెరువు' అనే అంశం ఇచ్చారనుకుందాం. చెరువు ఎండినప్పుడు అందులో ఏమి చేసేవారో తాత చెబుతాడు. బోర్లు ఎన్ని అడుగులు వేశారో, ఎన్ని విఫలమయ్యాయో తండ్రికి తెలుసు. 2018 నుండి బెంగళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఆ నీరు తమ చెరువుకు వచ్చిందా, వస్తే బావులలో నీటిమట్టం మారిందా, ఆ నీటి శుభ్రతను గురించి ఊరివారు ఏమనుకుంటున్నారు అన్నది విద్యార్థి స్వయంగా అడిగి తెలుసుకోగలడు. దీనిలో ఒక్క ముక్కా గైడులో దొరకదు.

తెలిసినదంతా వ్రాయడం కూడా పొరపాటే. విద్యార్థి మాటలన్నిటినీ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి వ్రాసుకొని, ఒక్క ప్రశ్నకు సంబంధించినవి మాత్రం ఉంచుకోవాలి. 'చెరువు నిండితే మా పొలానికి ఏమి మారింది?' అన్న ప్రశ్న తీసుకుంటే ఊరి జాతర సంగతి ఎంత బాగున్నా పక్కన పెట్టవలసిందే. ఈ కొట్టివేత పిల్లలకు కష్టంగా ఉంటుంది. పెద్దలకూ అంతే. తరువాత ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పేరా కేటాయించాలి. ఆరంభవాక్యం చివర వ్రాసినా నష్టం లేదు. 'మా చెరువు కట్ట మీద నిలబడితే మూడు ఊళ్లు కనబడతాయి' అన్నటువంటి చూసిన మాటతో మొదలుపెడితే ప్రాణాధారపు వాక్యాల అవసరమే రాదు.

ఇక తప్పుల సంగతి. సరిహద్దు విద్యార్థి చేసే తప్పులలో చాలా భాగం అజ్ఞానం వల్ల కాక, రెండవ లిపి అలవాటు వల్ల వస్తాయి. తమిళ లిపిలో క, గ శబ్దాలకు ఒకే అక్షరం. ఒత్తు అక్షరాలు లేవు. అందుచేత తమిళం చదివే పిల్లవాడు 'భూమి'ని 'బూమి' అని, ఒక్కొక్కప్పుడు 'దీపం'ను 'తీపం' అని వ్రాస్తాడు. ఒడియాలో, మరాఠీలో ఎ–ఏ, ఒ–ఓ భేదం వ్రాతలో ఉండదు కనుక అక్కడివారికి 'ఏడు', 'ఓడ' వంటి మాటలు చిక్కు తెస్తాయి. కన్నడ లిపి తెలుగుకు మరీ దగ్గర కావడమే ఒక ఇబ్బంది. తలకట్టు రూపం తెలియకుండానే కలిసిపోతుంది.

అక్షరం సరిగా ఉండి అర్థం తప్పే మాటలు ఇంకా ప్రమాదకరమైనవి. ఒడియాలో 'శిక్షా' అంటే విద్య. 'ప్రతి బాలునికీ శిక్ష అందాలి' అని ఆ పిల్లవాడు సదుద్దేశంతో వ్రాస్తే తెలుగు చదువరి ఉలిక్కిపడతాడు. కన్నడంలో 'అవసర' అంటే తొందర, తెలుగులో అవసరమంటే కావలసి ఉండటం. ఇటువంటి మాటలకు నోటుపుస్తకం చివరి పుటలో ఒక పట్టిక పెట్టుకొని, ఎదురైనప్పుడల్లా చేర్చుకుంటూ పోవడం మంచిది.

ఇంటి మాటను మాత్రం ఈ తప్పులలో జమకట్టకూడదు. నాగలిని మడక అనీ, పొలం గట్టును గెనిమ అనీ అనే కుటుంబాల పిల్లలు ఆ మాటలనే వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసే ఉపాధ్యాయులు ఉన్నారు. అవి రాయలసీమలోనూ వాడుకలో ఉన్న తెలుగు పదాలు. పరీక్ష దిద్దేవారికి తెలియదనే సందేహం ఉంటే 'మడక, అంటే నాగలి' అని మొదటిసారి చెప్పి, తరువాత మడక అనే వ్రాయవచ్చు.

దిద్దే పద్ధతి కూడా ముఖ్యమే. పుటంతా ఎర్రగా చేసిన వ్యాసాన్ని ఏ పిల్లవాడూ తిరిగి చదవడు. ఒక వారం ఒత్తులు, మరొక వారం దీర్ఘాలు, ఇంకొక వారం వాక్యం చివరి క్రియ, ఇట్లా ఒక్కొక్కటే చూడాలి. దిద్దిన వ్యాసాన్ని రెండవసారి వ్రాయించకపోతే దిద్దిన శ్రమ వృథా.

సరిహద్దు ఊళ్లలో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వారు కూడా వ్యాసం దిద్దగలరు. మరునాడు పిల్లవాణ్ణి బిగ్గరగా చదవమని, వింటూ కూర్చోవాలి. ఎక్కడ ఊపిరి అందక ఆగాడో అక్కడ వాక్యం మరీ పొడవైంది. ఎక్కడ తల్లి 'అంటే ఏమిటి నాయనా?' అని అడిగిందో, ఆ మాట పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టుకొని పిల్లవాడు ముందుకు చదవాలి. చదవడం పూర్తయిన తరువాత తల్లికి నోటితో ఇచ్చిన జవాబునే ఆ గీత దగ్గర వ్రాసుకోవాలి.