నీటి శుద్ధిలో క్లోరిన్ మోతాదు యంత్రాలు: భద్రత చరిత్ర

తాగునీటిలోని రోగక్రిములను చంపడానికి లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల క్లోరిన్ సాధారణంగా సరిపోతుంది. ఆ కాస్త కోసం పెద్ద శుద్ధి కేంద్రాల్లో నిల్వ ఉంచే క్లోరిన్ మాత్రం బయటపడితే చుట్టుపక్కల బస్తీలను ఖాళీ చేయించగలదు. నూరేళ్లకు పైబడిన ఈ పని చరిత్రను చూస్తే, రసాయనానికి మనిషిని దూరం చేసిన ప్రతి యంత్రమూ ఒక ప్రమాదాన్ని తగ్గించి, ఇంకొక దాన్ని వేరే చోట మొదలుపెట్టింది.

క్లోరిన్‌ను 1774లో రసాయన శాస్త్రవేత్త షీలే తయారుచేశాడు. అది మూలకమని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. ఈలోగా 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనెంట్ బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంటు పొందాడు. బట్టలను తెల్లబరచడానికి పుట్టిన ఆ పొడి దాదాపు వందేళ్ల తర్వాత నీటి పనికి వచ్చింది. 1897లో ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టోన్‌లో టైఫాయిడ్ ప్రబలినప్పుడు నీటి గొట్టాలను దానితో శుభ్రపరిచారు. 1902లో బెల్జియంలోని మిడిల్‌కెర్కె, 1905లో ఇంగ్లండ్‌లోని లింకన్ నిత్యం క్లోరిన్ కలపడం మొదలుపెట్టాయి. 1908 సెప్టెంబరులో అమెరికాలోని జెర్సీ సిటీకి నీరిచ్చే బూంటన్ జలాశయం వద్ద డాక్టర్ జాన్ లీల్, ఇంజనీరు జార్జ్ ఫుల్లర్ ఈ పద్ధతిని నగర స్థాయికి తెచ్చారు. నీటిలో విషం కలుపుతున్నారన్న వాదన కోర్టుకు ఎక్కింది, తీర్పు లీల్ పక్షాన వచ్చింది. ఆనాటి భయమంతా తాగేవాళ్ల గురించే. పొడిని తొట్టెల్లో కలిపే కూలీల కళ్లలో, గొంతులో పడే దుమ్ము గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పొడి గడ్డకడుతుంది, తేమ తగిలితే బలం తగ్గుతుంది, మడ్డి పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. ఈ చిక్కులకు విరుగుడుగా ద్రవ క్లోరిన్ వచ్చింది. భారత వైద్య సేవలో పనిచేసిన విన్సెంట్ నెస్‌ఫీల్డ్ అనే అధికారి 1903లోనే క్లోరిన్‌ను ద్రవంగా మార్చి, సీసపు పూత ఉన్న ఇనుప సిలిండర్లలో నింపి నీటి శుద్ధికి వాడవచ్చని రాశాడు. 1910లో అమెరికా సైన్యంలో మేజర్ డార్నల్ దాన్ని ఆచరణలో చూపాడు. 1913లో వాలెస్, టీర్నన్ అనే ఇద్దరు ఇంజనీర్లు అదే బూంటన్‌లో తమ క్లోరినేటర్‌ను బిగించారు. దుమ్ము బెడద పోయి, పీడనం బెడద వచ్చింది. మన వేసవిలో 40 డిగ్రీల వేడికి సిలిండర్ లోపలి పీడనం వాతావరణ పీడనానికి పది రెట్లు దాటుతుంది. ఒక్క వాషరు పాడైనా గది నిండా గ్యాసే.

ఈ చరిత్రలో నిజంగా గొప్ప మలుపు 1920లలో వచ్చిన శూన్యపీడన క్లోరినేటర్ అనాలి. ఇందులో గ్యాసును నెట్టరు. వేగంగా పారే నీరు ఎజెక్టరులో పుట్టించే శూన్యం దాన్ని లాక్కుంటుంది. గొట్టం పగిలితే గ్యాసు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది, శూన్యం పోగానే వాల్వు మూసుకుంటుంది. ఎవరూ పరుగెత్తి కట్టనక్కర్లేని వాల్వు అది.

సిలిండరు దాకా ఉన్న పీడనం మాత్రం అలాగే ఉంది. క్లోరిన్ గదికి ఉండే నియమాలన్నీ అందుకే పుట్టాయి. ఈ గ్యాసు గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలబారున పాకుతుంది. అందుకే ఎగ్జాస్ట్ ఫ్యాన్లను నేల దగ్గర పెడతారు, ఫ్యాను స్విచ్చినీ ముఖానికి వేసుకునే మాస్కులనూ తలుపు బయటే ఉంచుతారు. లీకు ఎక్కడుందో అమ్మోనియా ఆవిరి చూపి వెతుకుతారు, క్లోరిన్ తగిలిన చోట తెల్లని పొగ వస్తుంది. కారే చోట నీళ్లు మాత్రం కొట్టకూడదు. నీటితో కలిసి పుట్టే ఆమ్లం లోహాన్ని తినేసి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. టన్నరు (టన్ను క్లోరిన్ పట్టే పెద్ద సిలిండరు) నుంచి ద్రవం కారుతుంటే, లీకు పైకి వచ్చేలా దాన్ని దొర్లిస్తారు. ఒక పాలు ద్రవం సుమారు 460 పాళ్ల గ్యాసు అవుతుంది కాబట్టి, ద్రవం కారడం కంటే గ్యాసు పోవడమే నయం.

గ్యాసుకు జడిసి చాలాచోట్ల సోడియం హైపోక్లోరైట్ (హైపో) ద్రావణానికి మారారు. దానితోపాటు కరెంటుతో నడిచే డోసింగ్ పంపు వచ్చింది. 1930లలో అమెరికాలో రాబర్ట్ షీన్ కచ్చితమైన మోతాదు పంపును రూపొందించాడు. 1968లో జర్మనీలో విక్టర్ డుల్గర్ విద్యుదయస్కాంతంతో డయాఫ్రమ్‌ను కదిలించే చిన్న పంపును తెచ్చాడు. స్విచ్చి వేస్తే అది తన పని తాను చేసుకుపోతుంది, ప్రమాదమూ అక్కడే. ఈతకొలనులో నీటి ప్రసరణ ఆగినా హైపో పంపు, ఆమ్లం పంపు ఆగకపోతే రెండు ద్రావణాలూ గొట్టంలో కలుస్తాయి. ప్రసరణ తిరిగి మొదలవగానే క్లోరిన్ గ్యాసు కొలనులోకి తన్నుకొస్తుంది. నీరు ఆగితే పంపులకు కరెంటు ఆగేలా ఫ్లో స్విచ్చితో ముడిపెట్టడం ఇందుకే తప్పనిసరి. పంపు లేకుండానే ఇదే ప్రమాదం 2016 అక్టోబరులో అమెరికాలోని ఆచిసన్ పట్టణంలో జరిగింది. ఒక కర్మాగారంలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పొరపాటున హైపో ట్యాంకులోకి దించారు. వాటిని నింపే గొట్టాల మూతులు అర మీటరు దూరంలోనే, ఒకేలా ఉన్నాయి. 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్లారు.

తేమ, ఆవిరి, కరెంటు ఒకే గదిలో చేరాక షాకు ప్రమాదం కూడా తోడైంది. ఎర్తు తీగ చివర తుప్పు పట్టినా పంపు మామూలుగానే నడుస్తుంది, అందుకే ఆ లోపం కంటపడదు. కాలిఫోర్నియాలో చార్లెస్ డాల్జియల్ మనిషి శరీరం ఎంత కరెంటును తట్టుకోగలదో ఏళ్లతరబడి పరిశోధించి, 1961లో 5 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంపే పరికరాన్ని రూపొందించాడు. మన దగ్గర సాధారణంగా వాడే అలాంటి పరికరం (ఆర్‌సీసీబీ) 30 మిల్లీఆంపియర్లకు ట్రిప్ అవుతుంది. మరమ్మతు వేళ మెయిన్ స్విచ్చికి తాళం వేసి చీటీ కట్టే పద్ధతిని అమెరికా 1989లో చట్టబద్ధం చేసింది.

భారతదేశంలో క్లోరిన్ భద్రతకు ఐఎస్ 4263 ప్రమాణం 1967 నాటిది. భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు, 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ఐఎస్ 10500 చెబుతుంది. తెలుగు పల్లెల్లో ఈ కొలత నిలిపే బరువు తరచు పంచాయతీ వాటర్‌మ్యాన్ మీదే పడుతుంది. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా బకెట్‌లో బ్లీచింగ్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకు మెట్లెక్కే మనిషికి, పైన చెప్పిన యంత్రాలేవీ అందలేదు. బూంటన్ కూలీల కాలపు ప్రమాదం ఆయనకు ఇంకా ఉంది.

ఇప్పుడు కొన్ని కేంద్రాలు ఉప్పునీటిలోకి డీసీ కరెంటు పంపి, ఒక శాతం లోపు బలమున్న హైపోను అక్కడికక్కడే తయారుచేసుకుంటున్నాయి. సిలిండరూ ట్యాంకరూ అక్కర్లేదు. అయితే ఆ చర్యలో హైడ్రోజన్ పుడుతుంది. అది గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. అందుకని దాన్ని కప్పు పైకి వదిలే గొట్టం పెట్టి, గాలి ఊదే బ్లోయరు ఆగితే డీసీ సరఫరా కూడా తెగేలా వైరింగ్ చేస్తున్నారు.