నౌకానిర్మాణమున త్రీడీ ముద్రణ

లోహమును గాని ప్లాస్టిక్కును గాని పొరమీద పొరగా పేర్చుచు వస్తువును రూపొందించు విధానమునకు సంకలన తయారీ యనియు, వాడుకలో త్రీడీ ముద్రణ యనియు పేరు. దిమ్మెను తొలిచి, చెక్కి, తరుగుపట్టి వస్తువును సాధించు పూర్వపద్ధతికిది విలోమము. ఓడల పరిశ్రమలో దీనికి నిజమైన చలామణి 2010 తరువాతనే కలిగినది. ఓడనంతటిని యంత్రముతో ముద్రింతురను మాట పత్రికలలో తరచు వినవచ్చుచున్నను, దీని ప్రయోజనము అంతకంటె చిన్నదియు, అంతకంటె గట్టిదియు: ఎచ్చటను దొరకని ఒక్క విడిభాగమును తిరిగి చేసికొనుట.

చెక్కి చేయు ఆ పూర్వపద్ధతితో తెలుగునాట ఓడలు కట్టిన పాతరేవులలో గోదావరి ముఖమున నున్న కోరంగి ప్రసిద్ధమైనది. 1802 ప్రాంతమున ఎబినేజర్ రోబక్ అను ఆంగ్లేయుడు యుద్ధనౌకల మరమ్మతునకై అచ్చట ఒక డొక్కును కట్టించెను. భద్రాచలము మొదలైన ఎగువ మన్యపుటడవులలో నరకబడిన టేకు తెప్పలుగా కట్టబడి గోదావరి ప్రవాహముపై దిగువసీమకు వచ్చుచుండెడిది. సహజముగా వంపుతిరిగిన దూలమును ఏరి, బాడిసతో చెక్కి, ఓడకు పక్కటెముకగా అమర్చు వడ్రంగి చేతిలో కలప కొంత చెక్కపేళ్లుగా నేలపాలగుట తప్పనిది. 1839 నవంబరు తుపాను వలనను, ముఖద్వారము మేటవేయుట వలనను ఆ రేవు క్షీణించెను.

పిమ్మట ఒక శతాబ్దమునకు, 1941 జూన్ 21న, వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వమున సింధియా సంస్థ విశాఖపట్టణమున తలపెట్టిన నౌకానిర్మాణశాలకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసెను. 1942 ఏప్రిల్ 6న పట్టణముపై జపాను బాంబులు పడుటచే పని వెనుకబడినను, 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా ‘జల ఉష’ జలప్రవేశము చేసెను. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారిన ఆ శాల 2010లో రక్షణమంత్రిత్వశాఖ క్రిందికి వచ్చినది.

విశాఖలో ఆ శాల రూపొందిన దశాబ్దములలోనే ప్రపంచమందలి ఓడలశాలలు రివెట్లను విడిచి వెల్డింగును పట్టినవి. నేటి లోహముద్రణకు మూలము అచ్చటనే వెదకవలెను. కరిగిన లోహమును పోగుపోసి అలంకారవస్తువులు చేయు పద్ధతికి రాల్ఫ్ బేకర్ 1925లోనే అమెరికాలో పేటెంటు పొందియుండెను. కాని వెల్డింగు తన ప్రమాదములనుకూడ వెంటగొని వచ్చెను. 1943 జనవరి 16న పోర్ట్‌లాండ్ రేవున కట్టివేయబడియున్న ‘షెనెక్టడీ’ యను కొత్త చమురునౌక నిశ్చలజలములలోనే ఫెళ్లున నడిమికి పగిలెను. ఓడల దృఢత్వమును తనిఖీచేసి ధ్రువీకరించు క్లాసిఫికేషను సంస్థలు కరిగించి పోసిన లోహమును నేటికిని అనుమానదృష్టితోనే పరీక్షించుట ఇట్టి అనుభవముల ఫలమనుట అసంగతము కాదు.

త్రీడీ ముద్రణ మాత్రము వేరొక తోవను, కాంతిచే గట్టిపడు ద్రవరూపపు ప్లాస్టిక్కుతో, ప్రారంభమయ్యెను: 1981లో జపానున హిదియో కొడామా దానిని వర్ణించెను, 1986లో ఛార్లెస్ హల్ పేటెంటు పొందెను. పిదప లోహపుపొడిని లేసరుతో కరగించు యంత్రములు వచ్చినవి గాని, వానితొట్టి ఓడభాగములకు మిక్కిలి ఇరుకైనది.

ఆ ఇరుకును దాటినది తీగతో వెల్డింగు చేయు రోబో. 2017లో నెదర్లాండ్సునందలి రాటర్‌డామ్ రేవులోని రామ్‌ల్యాబ్, డామెన్ షిప్‌యార్డులు మొదలైన సంస్థలు కలిసి ‘వామ్‌పెల్లర్’ అను ప్రొపెల్లరును చేసినవి. నికెల్, అల్యూమినియము కలిసిన కంచుతీగను రోబోచేయి కరిగించి వరుసపై వరుసగా 298 పొరలు పరచెను. మూడు రెక్కలతో, 1,350 మిల్లీమీటర్ల వ్యాసముతో, సుమారు 400 కిలోల బరువుతో సిద్ధమైన దానికి గరుకుతనము పోవునట్లు మరపట్టి నునుపుచేయవలసి వచ్చెను. అనగా చెక్కుడు పని తగ్గినదేకాని తొలగలేదు. క్లాసిఫికేషను సంస్థయైన బ్యూరో వెరిటాస్ దీనిని ఆమోదించెను; దీనిని ఒక టగ్గునకు అమర్చి, లాగుడుబలమును, ముందుకు పరుగిడుచుండగా ఒక్కపెట్టున వెనుకకు త్రిప్పి నిలుపుటను పరీక్షించిరి.

అమెరికా నౌకాదళము 2018లో ‘హ్యారీ ఎస్. ట్రూమన్’ విమానవాహకమునకు లోహముతో ముద్రించిన ఆవిరిగొట్టపు నీటివడపోత భాగమును ఆమోదించెను. 2019 అక్టోబరులో మెయిన్ విశ్వవిద్యాలయము 25 అడుగుల పడవను 72 గంటలలోపుగా ముద్రించి చూపెను. అది చూడముచ్చటైన ప్రదర్శనమే గాని, యుద్ధనౌకకు ఆ వడపోత భాగము విలువ అంతకు మించినది.

తెలుగునేలపై ఈ కథ సముద్రతీరమునుండి కాక హైదరాబాదునుండి కదలినది. బాలాపూరులోని ఏఆర్‌సీఐ పరిశోధనాసంస్థ యందు లేసరుముద్రణపై పరిశోధన సాగుచున్నది. హైదరాబాదున పుట్టి, విశాఖలోని వైద్యపరికరముల పరిశ్రమవాడయైన ఏఎంటీజెడ్ ప్రాంగణమున ముద్రణశాలను నెలకొల్పిన థింక్‌త్రీడీ సంస్థ భారత నౌకాదళమునకు సెంట్రిఫ్యూగల్ పంపు ఇంపెల్లర్లను ముద్రించి యిచ్చెను. సముద్రపు నీటిని ఓడలోనికి తోడు పంపులలో గిఱ్ఱున తిరుగు చక్రమిది. పాత పంపునకు నక్షా లభింపనపుడు అసలు చక్రమును స్కానుచేసి, కంప్యూటరుపై గీసికొని, దానినుండి కొత్తదానిని ఎత్తుదురు. 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఈ రంగమునకు జాతీయవ్యూహమును ప్రకటించినది. దానిననుసరించి హైదరాబాదున జాతీయకేంద్రమొకటి వెలసినది.

ఇంకను తేలవలసిన చిక్కు బలమును గూర్చినది. పోతపోసిన భాగముల గుణము దశాబ్దముల అనుభవముచే తెలిసినది. ముద్రించినదానిలో పొరల నడుమ సూక్ష్మరంధ్రములు మిగులవచ్చును, నిలువునను అడ్డమునను బలము వేర్వేరుగా నుండవచ్చును. అందువలన డీఎన్‌వీ మొదలైన క్లాసిఫికేషను సంస్థలు 2017 నుండి వెలువరించిన నియమములు వస్తువును మాత్రమేగాక తీగను, పొడిని, యంత్రమును, దానిని నడపు మనిషి నైపుణ్యమునుకూడ పరీక్షింపగోరుచున్నవి. భాగముతోపాటు అదే తీరున ముద్రించిన నమూనాముక్కలను లాగి విరిచి చూచిన పిమ్మటనే అది ఓడనెక్కును.