పాత సామాను – పడికట్టు రాయి

పాడైన రేడియో నొకదానిని విప్పి బల్లమీద పరచినప్పుడు అందులోనుంచి బయటపడే సామగ్రి తక్కువేమీ కాదు. రెసిస్టెన్సులు, కండెన్సర్లు, కాయిళ్లు, ట్రాన్స్‌ఫార్మరు, వాల్యూమ్ కంట్రోలు, వాల్వులో ట్రాన్సిస్టర్లో – ఒక్కొక్కటి వెలగలదే. చిక్కల్లా ఒక్కటే. వీటిలో ఏది బ్రతికి ఉన్నది, ఏది చచ్చినది? కంటితో చూచి చెప్పలేము. పైన పటారం, లోన లొటారం అన్న సామెత వీటికి సరిగ్గా అతుకుతుంది. పాతకాలపు కార్బన్ రెసిస్టెన్సు ఏళ్లు గడచినకొద్దీ తనపై గీచిన రంగు చారలు చెప్పే విలువను దాటి పెరిగిపోతుంది. చారలు మాత్రం మారవు. కాగితపు కండెన్సరు తేమ పీల్చి లోలోపల కారుతుంది. పైన మైనం చెక్కుచెదరదు. అట్టి కండెన్సరును రెండు వాల్వుల నడుమ ఉంచితే, మొదటి వాల్వు ప్లేటుపై ఉన్న వోల్టేజీ రెండవ వాల్వు గ్రిడ్డు మీదికి జారుతుంది. ప్రవాహం హద్దు మీరుతుంది. వాల్వు ఎర్రగా కాగిపోతుంది; దానితోపాటు ట్రాన్స్‌ఫార్మరు కూడ కాలిపోవచ్చును. కొద్దిపాటి వెలగల భాగం ఎంతో ఖరీదైన భాగాన్ని బలిగొంటుందన్న మాట.

కనుక భాగాలను వాడుటకు ముందు పరీక్షించే సాధనం ఒకటి కావాలి. దానిని కొనగలిగినవారు కొన్నారు. కొనలేనివారు అదే పాత సామానుతో కట్టుకొన్నారు. ఇందులో ఒక వింత ఉన్నది. నమ్మరాని భాగాలతో కట్టిన యంత్రం నమ్మదగిన తీర్పు ఎట్లా చెప్పగలదు? దొంగలనే సాక్షులుగా నిలబెట్టి దొంగతనం విచారించినట్లు కాదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే మనం రెండు వందల ఏళ్లు వెనుకకు పోవలసి ఉన్నది.

నాటి ప్రష్యా రాజ్యంలోని కొలోన్ నగరంలో గెయోర్గ్ ఓమ్ అనే ఉపాధ్యాయుడుండేవాడు. ఆయన తండ్రి తాళాలు చేసే పనివాడు. ఆ తండ్రివద్ద అబ్బిన చేతిపనితోనే ఓమ్ తన పరికరాలను తానే తయారుచేసికొన్నాడు. తీగ పొడవు పెరిగినకొద్దీ విద్యుత్ప్రవాహం ఎంత తగ్గుతుందో తెలిసికొనుట ఆయన కోరిక. 1825లో చేసిన ప్రయోగాలు ఆయనను చాల చికాకు పెట్టినవి. ఆనాటి బ్యాటరీ నిలకడ లేనిది; చూస్తూ ఉండగానే బలం తగ్గిపోయేది. మారినది తీగయో, బ్యాటరీయో తేలేది కాదు. 1826లో ఆయన బ్యాటరీని మానివేసి బిస్మత్తు, రాగి లోహాలను జతచేసిన ఉష్ణయుగ్మాన్ని వాడుకొన్నాడు. ఒక అతుకు మరిగే నీటిలో, వేరొక అతుకు మంచులో ఉంచగా నిలకడగల విద్యుత్తు లభించింది. మరుసటి సంవత్సరం, అనగా 1827లో, వెలువడిన ఆయన గ్రంథంలోనిదే నేడు పాఠశాల విద్యార్థులు వల్లించే ఓము నియమం.

నిలకడ లేని మూలం కొలతను చెడగొడుతుందని ఓమ్ అనుభవం తెలిపింది. ఆయన దానికి చూపిన మందు నిలకడగల మూలాన్ని వెదకుట. అంతకంటె చక్కని మందు మరొకటి ఉన్నది – మూలం నిలకడగా లేకున్నా చెడని కొలతను కనిపెట్టుట. ఆ పని చేసినవాడు ఇంగ్లండులోని వూలిచ్ రాజసైనిక విద్యాలయంలో గణితం బోధించిన శామ్యూల్ హంటర్ క్రిస్టీ. 1833లో ఆయన ప్రకటించిన పరిశోధనలో నాలుగు చేతుల వలయం ఒకటి కనిపిస్తుంది. పదేళ్లపాటు దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1843లో చార్లెస్ వీట్‌స్టన్ దాని ప్రయోజనాన్ని లోకానికి చాటిచెప్పాడు. ఇది క్రిస్టీ ఊహించినదేనని ఆయన స్పష్టంగా ఒప్పుకొన్నాడు కూడ. అయినా లోకం దానికి వీట్‌స్టన్ వంతెన అనే పేరే స్థిరపరచింది. ఇచ్చినవాడు వద్దన్నా పుచ్చుకొన్న బిరుదు వంటిది ఆ పేరు.

ఈ వంతెన మర్మం మన అంగడి తక్కెడలోనే ఉన్నది. స్ప్రింగు కాటా బరువును అంకెగా చెబుతుంది. స్ప్రింగు సాగిపోతే అంకె అబద్ధమవుతుంది. తక్కెడ అట్లా కాదు. ఒక పళ్లెంలో సరుకు, వేరొక పళ్లెంలో పడికట్టు రాయి. ముల్లు నడుమ నిలిచినదా లేదా అన్నదొక్కటే ప్రశ్న. వంతెనలో ఒక చేతిలో తెలియని నిరోధం, వేరొక చేతిలో తెలిసిన నిరోధం ఉంచి, మిగిలిన రెండు చేతుల నిష్పత్తిని సవరిస్తూ పోతే ఒకచోట గాల్వనామీటరు ముల్లు సున్నవద్ద నిలుస్తుంది. ఆ క్షణంలో బ్యాటరీ బలమెంత అన్న ప్రశ్నకు తావులేదు. గాల్వనామీటరు అంకెలు సరిగా వేసినవా అన్న ప్రశ్నకూ తావులేదు. ముల్లుకు సున్న తెలిస్తే చాలును. మన కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివినవారందరూ మీటరు బ్రిడ్జిమీద చేసిన ప్రయోగం ఇదే. నూరు సెంటీమీటర్ల తీగమీద సున్న ఎక్కడ వచ్చినదో చూచి లెక్క కట్టుటే గదా ఆ పాఠం!

పైన వేసికొన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతున్నది. తక్కెడకు మేలిమి లోహం అక్కరలేదు, వెదురుబద్దతోనైనా కట్టవచ్చును. రాయి మాత్రం నిజమైనది కావాలి. పాత సామాను యంత్రంలోనూ అంతే. పది భాగాలలో తొమ్మిది అంతంత మాత్రమైనవైనా సరే, ఒక్కటి సత్యమైనదుంటే తీర్పు సత్యమవుతుంది.

కండెన్సరును తూచుటకు బ్యాటరీ ప్రవాహం చాలదు. అటూ ఇటూ ఊగే ప్రవాహం కావాలి. 1891లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మాక్స్ వీన్ అట్టి ప్రవాహంతో పనిచేసే వంతెనలను వివరించాడు. ఇక్కడ ముల్లుకు బదులు టెలిఫోను రిసీవరు పనికివచ్చింది. ధ్వని సన్నగిల్లి సన్నగిల్లి నిశ్శబ్దమైనచోటే సమతూకం. శబ్దమే జీవనాధారమైన రేడియోవారమైన మాకు, నిశ్శబ్దమే సమాధానమైన ఈ యంత్రం మీద కొంత అభిమానం ఎక్కువ.

రేడియో ఇంటింటికీ చేరుతున్న రోజుల్లో మరమ్మతు చేసేవారికి మీటర్ల బరువు పెద్ద బెడద. బ్రిటిష్ తపాలాశాఖలో ఇంజనీరైన డొనాల్డ్ మకాడీ, వేరువేరు మీటర్లను మోసి విసిగి, ఆంపియరు, వోల్టు, ఓము మూడింటినీ ఒకే పెట్టెలో ఇమిడ్చాడు. 1923లో అంగడికి వచ్చిన ఆ మీటరుకు, ఆ మూడింటి తొలి అక్షరాలు కలిపి ఏవో అని పేరు పెట్టారు. అది మేటి సాధనం. కాని దాని వెల సామాన్యునికి అందేది కాదు. 1935లో అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థ మేజిక్ ఐ వాల్వును విడుదల చేసింది. స్టేషను సరిగా కుదిరినదని పచ్చని వెలుగుతో తెలిపిన ఆ కన్ను పాతతరం శ్రోతలకు చిరపరిచితమే. ఇంటిలో వంతెన కట్టుకొనేవారికి అది వరమైంది. ప్రవాహం ఉన్నంతసేపు నీడ ముడుచుకొంటుంది. సమతూకం కుదిరినచోట నీడ పూర్తిగా విచ్చుకొంటుంది. వెలగల మీటరు అక్కరలేకుండానే సున్న కంటికి కనబడింది.

అంతలో రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది. సైన్యాలకోసం తయారైన రేడియో సామగ్రి గుట్టలుగా మిగిలిపోయి చౌకగా అమ్ముడుపోయింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు బెంటన్ హార్బరులోని హీత్ కంపెనీ, అట్టి మిగులు సామగ్రిని కొని, 1947లో ఇంటివద్ద బిగించుకొనదగిన ఆసిలోస్కోపు భాగాలను 39 డాలర్ల 50 సెంట్లకు అమ్మినది. ప్రయోగశాలలో తప్ప కానరాని యంత్రం ఇంటి బల్లమీదికి దిగివచ్చింది. మన దేశంలో కూడ ఔత్సాహికులు యుద్ధపు మిగులు సెట్లను కొని విప్పి వాడుకొన్నారు.

అట్టివారు కట్టుకొన్న పరీక్షా యంత్రం స్వరూపం సులభమైనది. పాత సెట్టులోని ట్రాన్స్‌ఫార్మరునుంచి కొద్ది వోల్టుల ఊగే ప్రవాహం. రెండు చేతులకు బదులు ఒక వాల్యూమ్ కంట్రోలు. సున్న చూపుటకు హెడ్‌ఫోనో, మేజిక్ ఐయో. నమ్మకమైన రెసిస్టెన్సొకటి, కండెన్సరొకటి. వాల్యూమ్ కంట్రోలు చుట్టూ అట్ట అతికించి, తెలిసిన భాగాలను ఒక్కొక్కటే పెట్టి, సున్న వచ్చినచోట గీత గీస్తే కొలబద్ద సిద్ధం. తక్కెడ దోషం పట్టుటకు పళ్లేలు మార్చి తూచినట్లే, తెలిసినదానిని తెలియనిదానిని తారుమారు చేసి మరల చూస్తే యంత్రంలోని దోషం బయటపడుతుంది.

ఈ వంతెన చెప్పలేని సంగతి కూడ ఒకటి ఉన్నది. కొద్ది వోల్టులవద్ద బుద్ధిగా ఉన్న కండెన్సరు ఎక్కువ వోల్టులవద్ద కారవచ్చును. అందుకు చిన్న నియాన్ దీపం తోడు కావలసి వచ్చింది. హెచ్చు వోల్టేజీగల ఏకముఖ ప్రవాహాన్ని తగిన నిరోధం, దీపం, కాగితపు కండెన్సరు వరుసగా దాటునట్లు ఇస్తే, మంచి కండెన్సరైతే దీపం ఒక్కసారి మెరసి ఆరిపోతుంది. కొద్దిగా కారేదైతే ఉండి ఉండి మెరుస్తుంది. పూర్తిగా చెడినదైతే ఆరక వెలుగుతూనే ఉంటుంది. ఇది అనుభవజ్ఞుల పని. కండెన్సరు కరెంటు తీసివేసిన పిమ్మట కూడ ప్రాణం తీయగల విద్యుత్తును దాచుకొంటుంది. దానిని నిరోధం ద్వారా ఖాళీ చేయకుండా చేయి పెట్టరాదు.

వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు, అవి ఒదిగిన చిన్న చిప్పులు వచ్చినవి. ఈ శతాబ్దపు తొలి దశకాల్లో జర్మనీలోని ఔత్సాహికులు చిన్న కంప్యూటరు చిప్పుతో మూడు కాళ్ల పరీక్షా యంత్రాన్ని రూపొందించి, దాని నిర్మాణాన్ని అందరికీ ఉచితంగా వెల్లడి చేశారు. ఏ భాగాన్ని తగిలించినా అది రెసిస్టెన్సో, కండెన్సరో, ట్రాన్సిస్టరో తానే పోల్చి, ట్రాన్సిస్టరైతే ఏ కాలు ఏదో కూడ చెబుతుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ వీధి వంటిచోట్ల విడిభాగాలు కొనే విద్యార్థులు కూడ దీనిని కట్టుకొనవచ్చును. లోపలికి తొంగిచూస్తే ఒక్కొక్క కాలికి రెండేసి తెలిసిన నిరోధాలు – ఒకటి 680 ఓములు, వేరొకటి 470 కిలో ఓములు. తెలియని నిరోధాన్ని వాటితో పోల్చి నిష్పత్తి తీయుటే ఆ చిప్పు పని. క్రిస్టీ చూచిన తక్కెడయే వేషం మార్చుకొని కూర్చున్నది.

పాత సామానును చెత్తకుప్పకు పంపుట తేలిక. పరీక్షించక వాడుట ఇంకా తేలిక. ఈ రెండిటి నడుమ మూడవ దారి చూపినది పోల్చి చూచే బుద్ధి. ఇంటిలో యంత్రం కట్టదలచిన యువకుడు మిగిలినవన్నీ పాతవి ఏరుకొనవచ్చును. నూటికి ఒకటికి మించి తేడా రాని కొత్త రెసిస్టెన్సు నొకదానిని మాత్రం డబ్బిచ్చి కొని, యంత్రపు పెట్టెలో విడిగా, జాగ్రత్తగా దాచుకొనవలెను. పడికట్టు రాయి అరిగితే అంగడి అంతా అబద్ధమే.