లంకణం మీది నమ్మకం, గొట్టం చరిత్ర

జబ్బుపడ్డ జంతువులకు గొట్టంతో తిండి పెట్టడాన్ని పరికరాల చరిత్రగా చెప్పడం అలవాటైపోయింది. పశువుల నోట్లో మందు పోసే వెదురు గొట్టం, 1790 ప్రాంతంలో శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఒక రోగికి వాడిన ఈల్ చేప తోలు గొట్టం, 1968లో అమెరికా శస్త్రవైద్యుడు స్టాన్లీ డడ్రిక్ బృందం కేవలం రక్తనాళం ద్వారా పోషించి పెంచిన బీగిల్ కుక్కపిల్లలు, 1980లో ఎండోస్కోపు సాయంతో పొట్టకు అమర్చిన గొట్టం. ఈ వరస సరైనదే. కానీ గొట్టాలు చేతిలో ఉన్నా పశువైద్యులు అన్నేళ్లు ఎందుకు వెనకాడారో ఇది చెప్పదు.

అడ్డుపడింది లంకణం మీది నమ్మకం. వాంతులు, విరేచనాలు ఉంటే పేగుకు విశ్రాంతినివ్వాలని ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా బోధించారు. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ పిల్లుల వైద్యంలో తగిలింది. బొద్దుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి పేరుకుపోతుంది, కామెర్లు వస్తాయి. 1970ల చివర ఈ జబ్బును వర్ణించిన తొలిరోజుల్లో బతికినవి తక్కువ. వారాల తరబడి గొట్టంతో మేపడం మొదలయ్యాక ఎక్కువ పిల్లులు కోలుకున్నాయి. ఇక్కడ పస్తే రోగం, తిండే మందు.

పిల్లి కాలేయానికి పనికొచ్చింది కుక్క పేగుకూ పనికొస్తుందా? పేగును దెబ్బతీసే పార్వో వైరస్ సోకిన 30 కుక్కలపై దక్షిణాఫ్రికాలో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. వాంతులు తగ్గేదాకా ఆగకుండా ముక్కు గొట్టంతో తిండి పెట్టినవి త్వరగా తేరుకున్నాయి, బరువూ పెరిగాయి. ప్రాణాలు దక్కడంలో తేడా తేల్చడానికి మాత్రం 30 చాలవు. లంకణం వాదుల భయమూ ఉత్తిది కాదు: చిక్కి శల్యమైన జంతువుకు ఒక్కసారిగా మేత పెంచితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే 10 కిలోల కుక్కకు విశ్రాంతిలో రోజుకు కావలసిన సుమారు 400 కిలోకేలరీలలో మొదటిరోజు మూడోవంతుతో సరిపెట్టడం నేటి పద్ధతి.

ఇంత తెలిసినా నేటి ఆచరణ మెచ్చుకోదగ్గట్టు లేదు. మెడపక్కగా అన్నవాహికలో గొట్టం అమర్చడం కొద్దిసేపటి పని. ఇంటికెళ్లాక యజమానే తిండి ఎక్కించగలడు. అయినా సిరంజితో నోట్లో కుక్కి, ఆకలి మందులిచ్చి రోజులు గడిపి, జంతువు నీరసించాకే గొట్టం గుర్తుచేసుకుంటున్నారు. కోలుకునే ఆశ లేని జంతువుకు యజమాని తృప్తి కోసం అమర్చడం మరో తప్పు. పైగా ఈ ప్రగతి చాలావరకు కుక్కలకు, పిల్లులకే దక్కింది. మన ఊళ్లలో మేత ముట్టని గేదెకు ఇప్పటికీ గొట్టంతో గంజి పోస్తూనే ఉన్నారు; అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. పాలిచ్చి ఇల్లు నిలిపే పశువును పట్టించుకోని చరిత్రను విజయగాథ అనలేం.