కణుజు వేటలో తూటా కథ

తూటా పెద్దదైతే జంతువు పడుతుందన్న నమ్మకం తుపాకీ అంత పాతది. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో పెన్నాగరం, హొగెనకల్ చుట్టూ కావేరి ఒడ్డున పరుచుకున్న అడవుల్లో ఈ నమ్మకానికి తరాల తరబడి పరీక్ష జరిగింది. చాలాసార్లు అది ఓడిపోయింది కూడా. అక్కడి జింకల్లో పెద్దది కణుజు, అంటే సాంబార్. సిలోన్‌లో ఇంగ్లీషు వేటగాళ్లు దాన్నే ఎల్క్ అనేవారు. శామ్యూల్ బేకర్ 1854లో సిలోన్ వేట గురించి వేసిన పుస్తకంలో ఎల్క్ వేటంతా కణుజు వేటే. అమెరికా ఎల్క్‌తో తూగకపోయినా, ఎదిగిన మగ కణుజు రెండు వందల కిలోలు దాటుతుంది. తోలు మందం, జబ్బ ఎముక గట్టి, ప్రాణం మొండి. దాన్ని ఏ తూటాతో కొట్టాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్ని వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. బరువూ వేగమూ ఎంతున్నా, ఒంట్లోకి దిగాక తూటా ఎలా మారుతుందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఈ విద్యలో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలావాటి వెనక చావకుండా తప్పించుకుపోయిన జంతువో, ఆగకుండా ముందుకొచ్చిన మనిషో ఉన్నారు.

1792లో ఈ ప్రాంతమున్న బారామహల్ కుంపిణీ చేతికొచ్చాక థామస్ మన్రో ధర్మపురిలో కూర్చుని శిస్తు లెక్కలు కట్టిన రోజుల్లో, ఈ ప్రాంతంలోని తుపాకీలు దాదాపు అన్నీ నున్నటి గొట్టాలవే. వాటిలో పడేది సీసపు గుండు. పౌను సీసానికి పన్నెండు గుళ్లు వస్తే అది 12 బోర్. ఒక్కో గుండు 38 గ్రాములు. గుండ్రటి గుండుకు చుట్టుకొలత ఎక్కువ, దానికి తగ్గ బరువు తక్కువ. అందుకే గాలిలోనూ, కండలోనూ త్వరగా వేగం పోగొట్టుకుంటుంది. దగ్గర నుంచి ఊపిరితిత్తుల్లో తగిలితే కణుజు పడుతుంది. జబ్బ ఎముకకు తగిలితే చప్పబడి అక్కడే నిలిచిపోవచ్చు. దీనికి అప్పట్లో తోచిన విరుగుడు గుండును పెంచడమే. 8 బోర్, 4 బోర్ వచ్చాయి. మైసూరులో ఏనుగులు పట్టిన జి.పి. శాండర్సన్ ఏనుగుల మీద 4 బోర్ వాడాడు. దాని గుండు 113 గ్రాములు. ఏనుగుకు సరే. జింక కోసం అంత బరువు మోసి, అంత తన్ను భుజాన భరించడం ఎవరికైనా దండగే.

1850ల నుంచి దారి మారింది. పర్డీ కంపెనీ రైలుబండి పేరు పెట్టి అమ్మిన ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లలో తూటా తేలిక, మందు ఎక్కువ. .450 ఎక్స్‌ప్రెస్ తూటా దాదాపు 20 గ్రాములే. పైగా వేగంగా విచ్చుకోవాలని ముక్కు దగ్గర బోలుగా చేసేవారు. చిన్న జింకలు తగిలిన చోటే కూలాయి, వేటగాళ్లు మురిసిపోయారు. కణుజు జబ్బ మీద మాత్రం ఆ బోలు తూటా పైపైనే ముక్కలై, బయటికి భయంకరంగా కనిపించే గాయం చేసి, గుండెదాకా చేరకుండా ఆగిపోయేది. ఈ గుట్టు విప్పినవాళ్లలో బేకర్ ముఖ్యుడు. 1890 నాటి పుస్తకంలో ఆయన బోలు తూటాను తిట్టిపోసి, .577 రైఫిల్‌కు 42 గ్రాముల గట్టి తూటాను, కల్తీలేని సీసంతో పోసినదాన్ని సిఫారసు చేశాడు. ఆ తూటా ముక్కు విచ్చుకుంటుంది గానీ ముక్కలు కాదు. శరీరమంతా దాటి అవతలి తోలు కింద ఆగుతుంది, తన బలమంతా లోపలే ఖర్చుపెడుతుంది. ఏనుగుకూ అడవిదున్నకూ గట్టిపరిచిన సీసం, జింకకూ పులికీ మెత్తటి సీసం. ఆయన పొగరు కాస్త పక్కన పెట్టి చదివితే, జంతువును బట్టి లోహాన్ని ఎంచుకోమన్న ఈ మాట నేటికీ చెల్లుతుంది.

పొగలేని మందు వచ్చేసరికి లెక్కలు మళ్లీ తారుమారయ్యాయి. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే దాన్ని తయారు చేశాడు. ఆ వేగానికి ఉత్త సీసం గొట్టంలోనే అంటుకుపోతుంది కనుక, తూటాకు రాగి తొడుగు వేయక తప్పలేదు. ఆ తొడుగును స్విట్జర్లాండ్ సైనికాధికారి ఎడ్వర్డ్ రూబిన్ అప్పటికే 1882లో రూపొందించాడు. పూర్తిగా తొడుగున్న తూటా జంతువులోంచి సూటిగా, సన్నటి రంధ్రం చేసి వెళ్లిపోతుంది. 1895 చిత్రాల్ యుద్ధంలో .303 గురించి బ్రిటిష్ సైన్యం ఇదే ఫిర్యాదు చేస్తే, కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారం ముక్కు దగ్గర సీసం బయటపడేలా తూటా చేసింది. 1899లో హేగ్ ఒప్పందం విచ్చుకునే తూటాలను యుద్ధంలో వద్దంది. వేటలో మాత్రం ఆ రకమే ప్రమాణమైంది. మనిషి మీద క్రూరమన్నది జంతువు మీద దయ ఎలా అయిందని ఎవరైనా అడగొచ్చు. సైనికుడికి శత్రువు యుద్ధంలోంచి తప్పుకుంటే చాలు, వేటలో జంతువు వెంటనే చావాలి, తేడా అక్కడుంది.

వేట కథలు రాసి పెన్నాగరం అడవులకు పేరు తెచ్చిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది వించెస్టర్ .405. 1904లో వచ్చిన ఆ తూటా బరువు 19 గ్రాములకు పైమాటే, వేగం సెకనుకు సుమారు 670 మీటర్లు. మెత్తటి ముక్కు తూటాకు అది మితమైన వేగం. వెదురూ ముళ్లపొదలూ కమ్ముకున్న ఈ అడవిలో వంద గజాలకు మించి గురి దొరకడం అరుదు. అంత దగ్గర్లో అతివేగం తూటాను చెడగొడుతుందే తప్ప మేలు చేయదు. గురి సరిగ్గా ఉంటే ఏ తూటా అయినా చాలునని ఇక్కడో అభ్యంతరం వస్తుంది. ఆఫ్రికాలో డబ్ల్యు.డి.ఎం. బెల్ చిన్న .275 తో వందల ఏనుగుల్ని పడగొట్టాడు కదా అంటారు. నిజమే, కానీ అతను కావాలనే పూర్తి తొడుగున్న తూటా వాడాడు, అది పుర్రె ఎముకను తొలుచుకుని మెదడుదాకా సూటిగా పోవాలని. అంటే బెల్ కూడా ఎంపిక చేశాడు, మహా జాగ్రత్తగా చేశాడు.

ఎంపికే లేనివాడి సంగతి వేరు. చిన్నారు నది ఒడ్డున నీటిమడుగుల దగ్గర నాటు తుపాకీతో కాపుకాసే పల్లెజనం ఆండర్సన్ కథల్లో తరచూ కనిపిస్తారు. అతని జతగాడు పెన్నాగరం రంగ కూడా దొంగవేటలో ఆరితేరినవాడే. గొట్టం నోట్లోంచి మందు దట్టించే ఆ తుపాకీలో సీసం ముక్కలో, ఇనుప ముక్కలో, దొరికింది పడుతుంది. వాటిలో ఏ ముక్కకూ లోతుకు దిగేంత బరువుండదు. గాయపడ్డ కణుజు ఎక్కడో పొదల్లో రోజుల తర్వాత చస్తుంది. గాయపడ్డ పులి కొన్నిసార్లు మనిషి మీదికి మళ్లుతుంది. కుమావూఁలో జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ పులికి కుడివైపు కోరలు పాత తుపాకీ దెబ్బకు విరిగి ఉన్నాయి. పేదవాడి మీద తప్పు మోపుతున్నామా? లైసెన్సున్నవాడికీ పూర్తి స్వేచ్ఛ లేదన్నది గుర్తుంచుకోవాలి. .303 సైన్యపు బోర్ కనుక మామూలు జనానికి నిషిద్ధం; వాళ్లకు మిగిలింది ప్రభుత్వ కర్మాగారాల .315. ఎముకా దూరమూ చెప్పాల్సిన తీర్పును ఇక్కడ చాలావరకు చట్టం, ధర కలిసి చెప్పాయి.

బయటి ప్రపంచంలో చిక్కుముడి 1940ల్లో విడింది. 1946లో కెనడాలో జాన్ నోస్లర్ వేగవంతమైన .300 మాగ్నమ్‌తో ఒక మూస్‌ను కొడితే, బురద గట్టిన దాని తోలు మీదే తూటాలు చెదిరిపోయాయి. సరిగ్గా బేకర్ ఫిర్యాదే, అర్ధ శతాబ్దం తర్వాత. నోస్లర్ తూటా మధ్యలో అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా ఉండి లోపలికి తోస్తుంది. 1948 నుంచి అమ్మకానికి వచ్చిన ఆ రకమూ, తర్వాతి పూర్తి రాగి తూటాలూ అమెరికా ఎల్క్ వేటగాళ్లకు 12 గ్రాముల లోపు బరువుతోనే పని జరిపిస్తున్నాయి. సీసపు తునకలున్న కళేబరాలు తిని కాండర్ రాబందులు చనిపోతుండటంతో కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది.

ఈ మెరుగైన తూటాల వల్ల ధర్మపురికి ఒరిగింది ఏమీ లేదు. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వేట లైసెన్సులకు తలుపులు మూశాయి. 2014లో ఈ అడవుల్లో కొంత భాగం కావేరి ఉత్తర అభయారణ్యమైంది. చట్టప్రకారం వేటాడేవాడు మంచి తూటాతో సహా తప్పుకున్నాడు. పొలం కాపలా పేరుతోనో, మాంసం కోసమో దాచుకున్న నాటు తుపాకీ మాత్రం, మందూ ఇనుప ముక్కలతో, అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది.