మా నాయన రంపె, నా డెంటల్ సీటు

మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర మా గ్లాసులు వేరే ఉండేవి. పంచలో తడిక సందున పెట్టేవాళ్ళు. తాగి, మేమే కడిగి, మేమే బోర్లించి రావాల. మా ఎంగిలి ఊరికి తగలకూడదు. ఇది మా తాతల కాలం నాటి ముచ్చట కాదు. 1997లో నేను ఐదో తరగతి చదివేటప్పుడు నా చేతులతో కడిగిన గ్లాసు సంగతి.

అట్లాంటి ఊరి మాదిగపల్లెలో పుట్టిన నాకు 2005లో డెంటల్ సీటు వచ్చింది. బీడీఎస్ అంటే పళ్ళ డాక్టరు చదువని చెబితే మా నాయన ఆరె పక్కన పెట్టి ఒకటే నవ్వు. "అయితే ఆసామి నోట్లో యేలు పెడతావంట్రా? కొరకడూ?" అన్నాడు. మా అమ్మ నవ్వలేదు. "మన గ్లాసు ముట్టనోడు మన యేలు నోట్లో పెట్టిచ్చుకుంటాడా?" అంది. అక్షరం ముక్క రాని మా అమ్మ అడిగిన ప్రశ్న ఇరవై ఏళ్ళయినా నన్ను వదల్లేదు.

ఆ సీటులో నేను చేరలేదు. బీఎస్సీ, బీఈడీ చేసి 2012 డీఎస్సీలో టీచరునయ్యాను. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. మా స్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. పళ్ళు ఎన్ని రకాలని ఎనిమిదో తరగతి పిల్లలు అడిగితే కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని చెబుతూనే ఉన్నాను. అయితే నా ఒక్కడి సీటు కథ చెప్పి ఊరుకుంటే లాభం లేదు. ఈ సీట్లు ఎవరికి ఇవ్వాలన్నది ఎవరు తేల్చారు, ఎప్పుడెప్పుడు మార్చారు? ఆ చరిత్ర నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు తెలియదు. నా స్టూడెంట్లకి తెలియాలనే రాస్తున్నాను.

1950లో మా ఊరు మద్రాసు రాష్ట్రంలోది. మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు పంచడానికి అక్కడ కమ్యూనల్ జీవో ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లింలకి 1. బ్రాహ్మణ మహిళ చంపకం దొరైరాజన్ దీనిమీద కోర్టుకి పోయింది. అప్పటికి ఆమె మెడికల్ సీటుకి దరఖాస్తే పెట్టలేదు. పెట్టినా రాదని తెలిసి పెట్టలేదంది. ఆమెతోపాటు ఇంజనీరింగ్ సీటు కోసం కేసు వేసిన శ్రీనివాసన్ తరఫున వాదించింది అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యుడాయన. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. రెండు నెలల్లోనే, అంబేద్కర్ న్యాయమంత్రిగా ఉండగానే, మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) అధికరణం చేరింది. ఈ రోజు మనం కౌన్సిలింగ్‌లో కులం సర్టిఫికేట్ చూపించగలుగుతున్నామంటే ఆ నాలుగు ముక్కల వల్లే. అది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. ఒక దెబ్బ తగిలినాక కట్టుకున్న కట్టు.

తలుపు తీశారు సరే, గడపలు మాత్రం పెంచుకుంటూ పోయారు. ఒక గడప పేరు ఇంటర్వ్యూ. మైసూరు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లకి పరీక్ష మార్కుల మీద ఇంకో 25 శాతం ఇంటర్వ్యూ మార్కులు కలిపేవాళ్ళు. జనరల్ నాలెడ్జి, వ్యక్తిత్వం, ఎన్‌సీసీ, ఆటపాటలు చూసి వేస్తారంట. 1964లో చిత్రలేఖ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పుకాదంది. ఒక్కసారి ఆలోచించండి. ఊళ్ళో ఆసామి ఎదురైతే చెప్పులు చేతిలో పట్టుకుని పక్కకి ఒదిగి నిలబడటం నేర్పిన మనిషిని, కుర్చీలో కూర్చోబెట్టి "నీ వ్యక్తిత్వం చూపించు" అంటే ఏం చూపిస్తాడు?

మన రాష్ట్రంలో 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అని మూడు యూనివర్సిటీ ప్రాంతాలు చేసి, 85 శాతం సీట్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్ళకే అన్నారు. 1986లో ఎంసెట్ మొదలయింది. అదే ఏడు విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ పెట్టారు. ఆ తర్వాత దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. పరీక్ష ఒకరు పెడతారు, ర్యాంకుల జాబితా తీసుకుని సీట్లు హెల్త్ యూనివర్సిటీ పంచుతుంది. ఎంసెట్‌లో ఇంటర్వ్యూ లేదు. మొహం చూడరు, పేరు వెనక ఇంటిపేరు చూడరు. ఆ మాటకి నేను ఎంసెట్‌ని ఇప్పటికీ తిట్టను. కానీ కోచింగ్ అనే కొత్త గడప ఎంసెట్‌తోనే లేచింది.

డబ్బు గడప సంగతి వేరే. 1983లోనే క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది. 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకి గంపగుత్తగా అనుమతులిచ్చింది. హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పుతో ముఖ్యమంత్రే గద్దె దిగాడు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంటు అని లెక్క పెట్టింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో ఆ లెక్క చెరిపేసింది. 2005లో ఇనాందార్ కేసులో, ఎయిడ్ తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద ప్రభుత్వం రిజర్వేషన్ రుద్దకూడదంది. దానికి జవాబుగా 93వ సవరణ చేసి 15(5) తెచ్చుకోవాల్సి వచ్చింది. 1951లో జరిగిందే మళ్ళీ. వాళ్ళు కొట్టెయ్యడం, మనం కట్టుకోవడం.

నేను పరీక్ష రాసింది సరిగ్గా ఆ 2005లోనే. 160 ప్రశ్నలు, మూడు గంటలు. బాటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సర్కారు కాలేజీలో తెలుగు మీడియం. నాకున్న కోచింగ్ అల్లా తెలుగు అకాడమీ పుస్తకాలు, మా హాస్టల్ వరండాలో లైటు. అబద్ధం ఎందుకు, నేను కోరుకుంది ఎంబీబీఎస్. పళ్ళ మీద నాకేం మోజు లేదు. అసలు ఆ పరీక్షలో డెంటల్ అనే మాటే ఉండదు. ఒకటే పరీక్ష, ఒకటే జాబితా. పైనుంచి పిలుచుకుంటూ వస్తారు. ఎంబీబీఎస్ అయిపోయినాక మిగిలినోళ్ళని బీడీఎస్ కావాలా అంటారు. నీ చేతులు ఎట్లాంటివని ఎవరూ అడగరు.

దీనికి వేరే పద్ధతులూ ఉండేవి. అమెరికాలో డెంటల్ కాలేజీలకి దేశమంతటికీ కలిపి 1950లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. అందులో సుద్దముక్క ఇచ్చి, బొమ్మలో ఉన్నట్టు కత్తితో చెక్కమనేవాళ్ళు. 1970ల్లో అది తీసేసి కాగితం మీద ఆకారాలు గుర్తుపట్టే ప్రశ్నలు పెట్టారు. కెనడాలో సబ్బు చెక్కించేవాళ్ళు. ఇది తెలిసినరోజు నేను చాలాసేపు మా నాయన చేతులే చూశాను. తోలు మీద గీత గీయకుండా రంపెతో పాదం కొలత కోసే మనిషి ఆయన. ఆయన కుట్టిన కిర్రుచెప్పులు ఊరంతా తొడిగింది. ఆయన చేతిపనిని మెరిట్ అని ఏ యూనివర్సిటీ అంటుంది? మనకి వచ్చిన పనినల్లా నైపుణ్యం లెక్కలోంచి తీసేసి, మనకి రానిచ్చని చదువునే మెరిట్ అన్నారు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మా ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994లో మొదలయిన దండోరా వల్ల మన 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు భాగాలు చేశారు. 2000లో చట్టం వచ్చింది. 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నేను కౌన్సిలింగ్‌కి పోయిన 2005లో వర్గీకరణ లేదు. నాతోపాటు విజయవాడ వచ్చిన మాలపల్లె స్నేహితుడికి నాకంటే మంచి ర్యాంకు. వాడికి ఎంబీబీఎస్ వచ్చింది. వాడి మీద నాకు కోపం లేదు. తిరుగుప్రయాణంలో బస్సు చార్జీ కూడా వాడే పెట్టాడు. వర్గీకరణ ఉంటే నాకు వచ్చేదో రాదో కూడా చెప్పలేను. కానీ ఇంట్లో అన్నం పంచుకునేటప్పుడు చిన్నోడి కంచం కూడా చూడాలనడం చీలిక కాదని మా నాయన అనేవాడు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఆ మాటే ఇంగ్లీషులో రాశారు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మళ్ళీ వర్గీకరణ తెచ్చాయి.

నాకు రెండో విడతలో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా బీడీఎస్ సీటు ఇచ్చారు. ఎస్సీ కోటా. నాయనా నేనూ వెళ్ళాం. ఆఫీసులో గుమస్తా కాగితం ఇచ్చాడు. ట్యూషన్ ఫీజు స్కాలర్‌షిప్పులో వస్తుంది, వచ్చేదాకా మీరు కట్టండి అన్నాడు. హాస్టలు, డిపాజిట్టు, పరికరాల పెట్టె అన్నీ కలిపి నలభై వేలు దాటింది. మా నాయన ఆ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "పెట్టెలో ఏముంటయ్యయ్యా?" అని అడిగాడు. "మైనం దిమ్మలు, చెక్కే కత్తులు. ఫస్టియర్‌లో మైనంతో పన్ను చెక్కాలి" అన్నాడు గుమస్తా. "కత్తులు నా కాడున్నయిగా" అన్నాడు నాయన. ఆఫీసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. నాయన నవ్వుని చూసి కాదు, నాయన్ని చూసి సిగ్గుపడ్డాను. సీటు పోయినందుకు ఇప్పుడు బాధ లేదు. ఆ సిగ్గు మాత్రం ఇంకా ఉంది.

గడువు మూడు రోజులు. పల్లెలో, బంధువుల దగ్గర తిరిగితే పదకొండు వేలు పోగయింది. ఆసామి దగ్గరికి పోతానన్నాడు నాయన. నేనే పోనివ్వలేదు. సీటు రద్దయింది.

2016 తర్వాత గడప ఇంకా పెరిగింది. 2013లో నీట్ పెట్టారు, అదే ఏడు సుప్రీంకోర్టు చెల్లదంది, 2016లో ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. 2017 నుంచి మన సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే. 2017 సెప్టెంబరు 1న తమిళనాడు అరియలూరు జిల్లాలో అనిత చనిపోయింది. మూటలు మోసే దళిత కూలీ బిడ్డ. ప్లస్‌టూలో 1200కి 1176 మార్కులు. నీట్‌లో 720కి 86. రెండూ ఒకే పిల్ల మార్కులే. ఏది ఆ పిల్ల తెలివి, ఏది ఆ పిల్ల పేదరికం?

మెరిట్ అని గొంతు చించుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పండి. నీట్‌లో అర్హతకి జనరల్‌కి 50 పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి 40 ఉండాలి. 2020-21లో దేశంలో దాదాపు 7,000 బీడీఎస్ సీట్లు మిగిలిపోయాయి. ప్రైవేటు కాలేజీల్లో ఫీజులు కట్టలేకే చాలావరకు ఖాళీ. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పర్సంటైల్‌ని 10 తగ్గించి నింపుకోమంది. మనకోసం తగ్గిస్తే దేశం చెడిపోతుందన్న గీత, ఖాళీ సీట్ల కోసం ఒక్క తీర్పుతో కిందికి దిగింది. ఫీజు మాత్రం దిగలేదు.

పిల్లలకి నేను ఇప్పుడు పాఠంతోపాటు ఇవి చెబుతున్నాను. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికేట్లు ఒక్కటీ పోగొట్టుకోవద్దు, మీరు ఏ ప్రాంతం లోకలో అవే తేలుస్తాయి. కులం, ఆదాయం సర్టిఫికేట్లు కౌన్సిలింగ్ ముందురోజు కాదు, ముందు ఏడాదే తెచ్చుకోండి. ప్రైవేటు కాలేజీలో సగం సీట్లే కన్వీనర్‌వి, మేనేజిమెంటు సీటుకి, దీనికి తేడా తెలుసుకోండి. మంచి ర్యాంకు వస్తే మిమ్మల్ని ఓపెన్‌లో లెక్కెయ్యాలి, రిజర్వేషన్‌లో కాదు. ఓపెన్‌లో వచ్చినోళ్ళు రిజర్వేషన్ సీటుతో ఇంకా మంచి కాలేజీకి మారితే, వాళ్ళు వదిలిన సీటు మళ్ళీ మన కేటగిరీ వాళ్ళకే ఇవ్వాలని 2001లో 550 నంబరు జీవో ఉంది. ఆ నంబరు మా వాళ్ళకి ముందే తెలిస్తే ఎన్ని సీట్లు నిలబడేవో.

2023లో మా స్కూల్లో చదివిన ఒక మాదిగ పిల్లకి బీడీఎస్ వచ్చింది. వాళ్ళమ్మ మిరపకోతకి పోతుంది. "సార్, ఎంబీబీఎస్ కాదుగా, చేరనా?" అని అడిగింది. చేరమన్నాను. పరికరాల డబ్బు మేం నలుగురు టీచర్లం వేసుకున్నాం. నాకు అప్పట్లో తక్కువయింది అంతే కదా, నలుగురు మనుషులు.

మొదటి ఏడాది మైనంతో తను చెక్కిన పన్ను ఇంటికొచ్చినప్పుడు పట్టుకొచ్చింది. మా నాయనకి చూపించాను. ఇప్పుడాయన చెప్పులు కుట్టడం లేదు, చూపు తగ్గింది. బొటనవేలితో అంచులు తడిమి చూశాడు. "ఈ పక్క కొంచెం ఎక్కువ తీసింది. చెయ్యి కుదురుద్దిలే" అన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వి, "మా మేడం కూడా ఇదే అంది తాతా" అంది.

ఇంకో రెండేళ్ళలో ఆ పిల్ల డాక్టరవుతుంది. మా ఊళ్ళోనే బోర్డు కడతానంటోంది. మా అమ్మ అడిగిన ప్రశ్నకి ఊరు అప్పుడు జవాబు చెప్పాలి. పన్ను సలిపితే ఎవరికైనా ఒకటే నొప్పి.