అలంపురం జాలీలో జంట గీతలు

మూడు ఫ్రేములూ కెమెరా తెర మీద పదునుగానే కనిపించాయి. హెచ్‌డీఆర్‌గా కలిపేసరికి బొమ్మ మసకబారింది. ఈ చిక్కు ఎదురైన ప్రతివారూ ముందు సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకుంటారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల లోపల తీసిన బొమ్మలో ఆనవాళ్లు వెతికితే నేరం దానిది కాదని తేలుతుంది.

అవి 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల గుళ్లు. గోడల్లో రాతి జాలీ కిటికీలు. బయటి ఎండకు సెకనులో 250వ వంతు చాలితే, లోపలి స్తంభం నీడకు రెండు సెకన్లు పట్టవచ్చు. తేడా 500 రెట్లు. ఒక్క క్లిక్కులో రెండూ అందవు. అందుకే వేర్వేరు షటర్ వేగాలతో మూడు ఫ్రేములు తీసి (అదే బ్రాకెటింగ్) ఒక్కటిగా కలపడం (అదే హెచ్‌డీఆర్).

మసక ఎక్కడుంది? ముఖ్యంగా జాలీ కన్నాల అంచుల్లో. ఇలాంటి వెలుగు తేడా కోసమే 1850లలో ఫ్రాన్సులో ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రాన్నీ ఆకాశాన్నీ వేర్వేరు నెగెటివ్‌లుగా తీసి ఒకే కాగితం మీద అచ్చువేశాడు. ఆయనకు అతుకు ఒక్కటే, నీళ్లూ నింగీ కలిసే గీత దగ్గర. ఇక్కడ ప్రతి కన్నం చుట్టూ అతుకే. ఒక్క పిక్సెల్ జరిగినా దాగదు.

అంచులన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగాయా? బటన్ నొక్కిన ప్రతిసారీ కెమెరా కదిలిందన్నమాట. సెల్ఫ్ టైమర్ పెట్టి, మూడు ఫ్రేములూ ఒకే నొక్కుతో వచ్చేలా బ్రాకెటింగ్ చేయాలి. (ఇక్కడ ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి.) మిగిలిన చిన్న జరుగుడును సాఫ్ట్‌వేరే సర్దుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే ఆనవాలు వేరే ఉంది. బొమ్మ నడుమ జాలీ అంచు గీత ఒకటే. ఫ్రేము అంచులకు పోయేకొద్దీ రెండుగా విడిపోతుంది. కెమెరా పక్కకో పైకో కదిలితే ఇలా రాదు. చీకట్లో ఆటోఫోకస్ ఫ్రేము ఫ్రేముకూ కొత్తగా వెతుక్కుంది. ఫోకస్ మారితే చాలా లెన్సుల్లో బొమ్మ పరిమాణమూ కాస్త మారుతుంది. ఒకసారి ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కు మార్చేయాలి. అపెర్చర్ ఎఫ్/8 దగ్గర ఉంచి షటర్ వేగం మాత్రమే మార్చాలి.

జాలీ పదునుగా ఉండి స్తంభమే మసకైతే, రెండు సెకన్ల ఫ్రేమును కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూడండి. కలపకముందే అది చెడి ఉంటుంది. ట్రైపాడ్ మీదా స్టెబిలైజేషన్ ఆపకపోవడం దానికి ఒక కారణం కావచ్చు.

నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలలో చిక్కు వేరు. ఆవలి కొండలు పదును, కృష్ణ నీళ్లు మాత్రం చెదురు. అలలు ఫ్రేముల మధ్య ఆగవు కదా! కొండలనూ ఆకాశాన్నీ మూడింటి నుంచీ కలిపి, నీళ్లను ఒక్క ఫ్రేము నుంచే తీసుకోవాలి.